నాయన పేరు మీద కారు

ఫిబ్రవరి 3, సోమవారం

నా పేరు లేదు.

మూడుసార్లు చూశాను. స్కాలర్‌షిప్ సెక్షన్ బయట గోడకు అంటించిన జాబితా. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, రెండో సంవత్సరం. హసీనా పేరు ఉంది. మా హాస్టల్ గదిలో మిగతా ఇద్దరివీ ఉన్నాయి. డిగ్రీ మూడేళ్లూ నాకు ఫీజు వచ్చింది, పోయిన ఏడూ వచ్చింది. ఈసారి లేదు.

కిటికీ దగ్గర నిలబడ్డాను. సుబ్బరాయుడు సార్ కళ్లద్దాలు పైకి నెట్టుకుని నా ఆధార్ నంబరు కొట్టారు.

"నీకు రాదమ్మా. మీ ఇంట్లో ఫోర్ వీలర్ ఉండాదని చూపిస్తాంది."

"మా ఇంట్లోనా సార్?"

"మీ నాయన పేరు మీద. కారు."

నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను. మా ఇంట్లో ఉన్నవి ఒక మగ్గం, ఒక సైకిల్. తప్పు పడిందేమో సార్ అన్నాను. "అయితే మీ ఊరి సచివాలయంలో సరిచేయించుకో. లేదంటే ముప్పై ఆరు వేలూ నువ్వే కట్టాల. కట్టకపోతే హాల్‌టికెట్ రాదు. చివరి సెమిస్టరు, గుర్తుపెట్టుకో."

హసీనాకు చెబితే అదీ నవ్వింది. "కారు పెట్టుకొని ఇన్ని దినాలు మమ్మల్ని బస్సుల్లో తిప్పుతాండావా."

ఫిబ్రవరి 4

నాయనకు ఫోన్. కారు సంగతి నవ్వుతూనే చెప్పాను. ఆయన నవ్వలేదు. వెనక మగ్గం చప్పుడు వినిపిస్తోంది... తర్వాత ఆగిపోయింది.

"ఏందో తప్పు పడింటాది లేమ్మా. నువ్వు సదువుకో."

పెట్టేశాక తట్టింది. ఏం కారు అని ఆయన అడగలేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం. ఎమ్మిగనూరు

మొదటి బస్సుకే వచ్చాను. నాయన మగ్గం గుంతలో ఉన్నాడు, తల ఎత్తలేదు. అమ్మ నూలు కండెలకు చుడుతూ "చెప్పకుండా వచ్చినావే" అంది. అన్నం తినకుండానే సచివాలయానికి వెళ్లాను.

అక్కడి మేడం కంప్యూటర్ నా వైపు తిప్పింది. నాయన పేరు. నాయన ఆధార్. పోయిన ఏడు ఏప్రిల్‌లో రిజిస్ట్రేషన్. కింద బండి నంబరు.

నాలుగు అంకెలూ కూడితే తొమ్మిది. ఆ తొమ్మిది ఊరందరికీ తెలుసు. కావాలని అదనంగా కట్టి తెచ్చుకున్నాడు సావుకారు. మా వీధిలో నలభై మగ్గాలు నేసేది ఆయన పడుగే. నూలు ఆయనది, చీర ఆయనది, కూలి మాది. ఆయన తెల్ల కారు.

పోయిన వేసవిలో ఆ కారెక్కాను ఒకసారి. ఆయన కూతురు శ్రావణి మంత్రాలయం పోతూ నన్నూ రమ్మంది, చిన్నప్పటి నుంచి ఒకే బడి. చెప్పులకు దుమ్ముందని చేత్తో పట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. మా కారులో.

సాయంత్రం నాయన మగ్గం దిగాక అడిగాను. కాళ్లు కడుక్కుంటూ చెప్పాడు. నా వైపు చూడకుండా.

"సంతకం పెట్టమన్యాడు. పెట్టినా."

"ఏంటికి నాయనా?"

"శ్రావణి ఇంజనీరింగు సదువుతాండాది గదా. కారు ఆయన పేరు మీదుంటే ఆ పాపకు సర్కారు ఫీజు ఇయ్యదంట. మీ అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు ఆయన పాత బండిలోనే గదా కర్నూలుకు తోలుకపోయింది. అది అయిన పదైదు దినాలకే అడిగినాడు. ఎట్ల కాదంటా?"

"మరి నా ఫీజు?"

అప్పుడు చూశాడు నన్ను. కారుంటే ఆ పిల్లకు రాదని తెలుసు ఆయనకు. కారుంటే మాకూ రాదని తట్టలేదు. అది తనదని ఒక్కరోజు కూడా అనుకోని మనిషికి ఎలా తడుతుంది.

అమ్మ కండె పక్కన పెట్టింది. "అందుకేనా ఈయేడు మగ్గానికిచ్చే సర్కారు దుడ్లు గూడా రాల్యా."

ఫిబ్రవరి 9, ఆదివారం

సావుకారు ఇంటికి వెళ్లాం. పెదనాయనా అనే పిలుస్తాను. నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. నాయన గుమ్మం పక్కన నిలబడ్డాడు. కాఫీ వచ్చింది, ఒక్క గ్లాసు.

చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఇంతేనా అన్నట్టు చెయ్యి ఊపాడు.

"శ్రావణికి ఇదే ఆఖరు సంవత్సరం పాపా. దానికి ఒక విడత పడేది ఉండాది. అది పడినాక బండి నా పేరుకు మార్చుకుంటా. నీ ఫీజు ఎంత?"

"ముప్పై ఆరు వేలు."

"నేను కడతా. నువ్వు మాత్రం నా కూతురు కాదా."

వీధిలోకి వచ్చాక నాయన "చూసినావా, మనిషి ఎట్లాంటోడో" అన్నాడు. తలూపాను. ఆయన కూతురికి సర్కారు దగ్గర నుంచి రావాల్సింది వస్తుంది. నాకు సర్కారు నుంచి రావాల్సింది ఆయన దయలా వస్తుంది... అయినా సరే. వస్తే చాలు.

ఫిబ్రవరి 13

రాలేదు.

ఫిబ్రవరి 15

ఫోన్ చేశాను. "పంపుతా పాపా, పంపుతా." వెనక ఎవరో నవ్వుతున్నారు. నా గురించి కాకపోవచ్చు.

ఫిబ్రవరి 17

రాలేదు. ల్యాబ్‌లో టైట్రేషన్ మూడుసార్లు తప్పింది. రంగు మారే చుక్క దాటిపోతోంది. విజయ మేడం పక్కకు పిలిచి ఒంట్లో బాగాలేదా అన్నారు. బాగుంది మేడం అన్నాను.

ఫిబ్రవరి 19, బుధవారం

నాయన ఫోన్. గొంతులో సంతోషం. సావుకారన్న పద్నాలుగు వేలు ఇచ్చాడంట. మిగతాది కూడా ఇస్తాడంట, నాలుగు చీరలు దిగినాక.

"నాలుగు చీరలు దిగినాక అంటే?"

"కూలిలో పట్టుకుంటాడంటమ్మా. నెమ్మదిగానే. వడ్డీ వద్దన్యాడు."

అర్థమయ్యాక మెట్ల మీద కూర్చుండిపోయాను. కడతా అన్నాడు. అంటే నాయన కడతాడు. ఆయన కారు వల్ల పోయిన ఫీజును నాయన నేసి కట్టాలి.

తిరిగి ఇచ్చెయ్ నాయనా అన్నాను. "చేతిలో పెట్టినాక ఎట్ల ఇస్తామమ్మా" అన్నాడు. ఆ సంతోషం గొంతులోంచి పోయింది. నేనే పోగొట్టాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

విజయ మేడం చెప్పారు, మా డిపార్ట్‌మెంట్‌లో పాత విద్యార్థులు పెట్టిన నిధి ఒకటి ఉందని. ఫీజు కట్టలేని వాళ్లకు సగం ఇస్తారు. దరఖాస్తుతో పాటు స్కాలర్‌షిప్ ఎందుకు రాలేదో సెక్షన్ నుంచి కాగితం తేవాలి. తెచ్చాను. ముగ్గురు కూర్చున్నారు, మేడం కాక ఇద్దరు సార్లు.

ఒక సార్ కాగితం చదివి పక్కాయనకు ఇచ్చారు. ఆయన చదివి నవ్వారు. చెడ్డగా కాదు, మామూలుగానే.

"కారు అమ్మేస్తే ఈ ఫీజు ఒక లెక్కా అమ్మా. పీహెచ్‌డీ దాకా చదవొచ్చు."

"కారు మాది కాదు సార్."

"మీ నాన్న పేరు మీదుంది. మీది కాకపోతే మరి ఎవరిది?"

మూడు ముఖాలూ నా వైపు. నాలుక చివర ఉంది ఆ పేరు. చెబితే కాగితం మీద పడుతుంది. కాగితం మీద పడితే ఊర్లోకి వెళ్తుంది. వెళ్లిన రోజు మా మగ్గం మీద పడుగు ఉండదు.

"తెలియదు సార్."

మేడం తల దించుకున్నారు. అబద్ధం చెప్పానని తెలిసిపోయింది ఆమెకు. ఏది అబద్ధమో తెలియలేదు. కారు మాది కాదన్నదా, తెలియదన్నదా.

ఇవ్వలేదు.

ఫిబ్రవరి 22

శ్రావణి ఫోన్. "మా నాయన నీకు ఫీజు కడ్తాండాడంట గదా అనూ. నాకు శానా సంతోషమాయ."

అంతా చెప్పేశాను. ఆపలేకపోయాను.

"నాకు తెల్దే. ఒట్టు."

నమ్ముతున్నాను. దానికి అబద్ధం చెప్పడం రాదు.

"ఇప్పుడు బండి పేరు మారిస్తే నా ఆఖరు విడత ఆగిపోతాది. ఫీజు అంతా కడితే గానీ సర్టిఫికెట్లు ఇయ్యరు. జూన్‌లో నేను ఉద్యోగంలో చేరాల. కొన్ని దినాలు ఓర్చుకో అనూ."

"నాకు దినాలు లేవు."

పెట్టేసింది. దానికీ భయమే. దాని భయం కుర్చీలో కూర్చుంటుంది, నాది గుమ్మం పక్కన నిలబడుతుంది. అంతే తేడా.

ఫిబ్రవరి 24, సోమవారం

సచివాలయం మేడంకు ఫోన్ చేసి దారి ఏమిటని అడిగాను. ఒకటే ఉందట. సోమవారాలు కలెక్టర్ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. నాయన స్వయంగా వచ్చి కారు తనది కాదని, ఎవరిదో చెప్పి, రాసివ్వాలి. "నువ్వు చెప్తే సాలదు పాపా. సంతకం మీ నాయనది గదా."

ఫిబ్రవరి 26, శివరాత్రి. ఇల్లు

ముగ్గురమూ ఉపవాసం. మధ్యాహ్నం అడిగాను, సోమవారం కర్నూలు రమ్మని.

"చెప్తే పడుగు ఇయ్యడు" అన్నాడు నాయన.

"వేరే సావుకారు దగ్గర తెచ్చుకుందాం."

"అందరూ ఆయనకు వియ్యంకులే, బామ్మర్దులే. ఎవరిస్తారు మనకు?"

అమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. "చెప్పి రా" అంది. నాయనకు అమ్మ పని చెప్పడం నేనెప్పుడూ వినలేదు. ఆయనా వినలేదనుకుంటా, అటు తిరిగాడు.

"చెప్పి యాడికి పోదాం?"

"ఆయనేమన్నా మనకు ఊరకే పెడ్తాండాడా? నేస్తాండావు, ఇస్తాండాడు. పాప ఐదేండ్ల సదువు ఇది."

"ఆ దినం ఆయన బండి పంపకపోతే నువ్వు ఈడ కూచోని మాట్లాడ్తాంటివా?"

నాయన చొక్కా వేసుకుని బయటికి వెళ్లాడు. అమ్మ చాలాసేపు తన చేతులే చూసుకుంటూ కూర్చుంది. అమ్మ ప్రాణం ఒకవైపు, నా చదువు ఒకవైపు పెట్టి ఆయనను అడిగినట్టయింది. నేనే పెట్టాను.

ఫిబ్రవరి 27

తిరుగు బస్సు. నాయన సైకిల్ నడిపించుకుంటూ బస్టాండ్ దాకా వచ్చాడు. బస్సు కదులుతుంటే కిటికీ దగ్గరికి వచ్చి, "సోమవారం ఎన్ని గంటలకుండాల ఆడ?" అన్నాడు.

మార్చి 3, సోమవారం

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. తొమ్మిదికే హాస్టల్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, వాచ్‌మన్‌తో ఎండల గురించి మాట్లాడుతూ.

అర్జీ నేను రాశాను, ఆయన చదివించుకుని విన్నాడు. రెండు గంటలు వరుసలో ఉన్నాం. మా టోకెన్ పిలిచారు. బల్ల వెనక ఉన్న అధికారి పూర్తిగా చదివారు. అందరివీ పూర్తిగా చదవడం లేదు, మాది చదివారు. నాకు ఆశ పుట్టింది.

"బండి కాగితాల మీద సంతకం మీదేనా?"

"నాదే సార్."

"తెలిసే పెట్టారా?"

"తెలిసే సార్."

"వేరేవాళ్ల బండి మీ పేరు మీద పెట్టించుకుంటే మీ మీద కూడా కేసు పెట్టొచ్చు. మీకు తెలుసో లేదో, చెప్తున్నా. ఇప్పుడు సరిగ్గా చెప్పండి, కారు ఎవరిది?"

నాయన చేతులు చూశాను. మగ్గం మీద లేనప్పుడు ఏం చేయాలో వాటికి తెలియదు. చొక్కా అంచు పట్టుకున్నాయి, వదిలాయి.

"నాదే సార్."

"నాయనా" అన్నాను.

"నాదే సార్. పాప తెలియక రాసింది."

ఆ అధికారి నన్ను చూశారు. అర్జీ మీద ఏదో రాసి పక్కన పెట్టారు. తర్వాతి టోకెన్.

బయట గోడ నీడలో కూర్చున్నాడు, తల మోకాళ్ల మధ్య పెట్టుకుని. "కేసంటే... లోపలేస్తారేమో అనుకున్యా. మీ అమ్మ ఒక్కతే అయిపోతాది." నీళ్ల సీసా ఇచ్చాను. తాగలేదు. బస్సెక్కించాను. ఆయన మీద అరవాలనిపించింది. అరవలేదు. అది మంచితనం కాదు, ఓపిక లేదు.

మార్చి 4

రంజాన్ రోజా ఉంటున్నది హసీనా. తిండి మానేసింది నేను. సాయంత్రం ఖర్జూరాలు నా చేతిలో పెట్టి, "నేను రోజా తెరిచేటప్పుడన్నా తిను, నీ ముందర నాకు మింగుడు పడతాలేదు" అంది. రెండు తిన్నాను.

మార్చి 7, శుక్రవారం

నోటీసు పెట్టారు. బకాయిలు కట్టి హాల్‌టికెట్ తీసుకోవడానికి చివరి రోజు మార్చి 21, సాయంత్రం ఐదు. ఆ తర్వాత వచ్చే ఏడే.

వచ్చే ఏడు లేదు నాకు. ఇంటికి వెళ్తే బట్టల దుకాణంలో చేరతాను, చీరలు విప్పి చూపిస్తాను, మళ్లీ మడుస్తాను. బ్యూరెట్ పట్టిన చేతులు అని ఎవరికీ తెలియదు. ఎవరికి అవసరం.

మధ్యాహ్నం వచ్చిన ఆలోచన ఇక్కడ రాయను. హసీనాకు మాత్రం చెప్పాను. అది నా పక్కనుంచి కదల్లేదు. నమాజు కూడా ఈ గదిలోనే చేసుకుంది. "నీ కోసరం ఏం అడగాలో చెప్పు, అడుగుతా" అంది. ఏం చెప్పాలో తెలియక ఏడ్చాను. నెల రోజుల్లో మొదటిసారి.

మార్చి 9

కొంచెం నిద్ర. కొంచెం చదివాను. రెండు యూనిట్లు.

మార్చి 11, మంగళవారం

పొద్దున శ్రావణి ఫోన్. ఏడుస్తోందో కోపమో తెలియని గొంతు.

"మీ నాయన నిన్న మళ్ళా కలెక్టరాఫీసుకు పోయి మా నాయన పేరు చెప్పినాడంట. నీకు తెల్సు గదా."

తెలియదు. నిజంగా తెలియదు. నిన్న నేను ల్యాబ్‌లో ఉన్నాను, రెండు మైళ్ల దూరంలో, ఈ ఊర్లోనే. నాయన కర్నూలు వచ్చి నన్ను చూడకుండా వెళ్లాడు.

ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. "తెల్లార్తోనే లేసి పోయినాడు. యాడికని అడిగితే చెప్పలే." నాయనకు ఇచ్చింది.

"పోయిన వారం అబద్ధం చెప్పినా సార్, నా పాప రాసిందే నిజం అని చెప్పినా."

"ఆయనేమన్నారు?"

"మళ్ళా మళ్ళా మాట మారిస్తే ఎట్లప్పా అని తిట్టినాడు. తిట్టి రాసుకున్యాడు. ఇంటికాడికి విచారణకు వస్తారంట."

"కేసు పెడితే?"

"పెట్టనీ."

ఫోన్ పెట్టేశాడు. చదువుకో అని కూడా అనలేదు ఈసారి.

మార్చి 13, గురువారం

సావుకారు మనుషులు ఇద్దరు వచ్చి పడుగు కోసుకుపోయారట. మగ్గం మీద చీర ముక్కాలు భాగం అయి ఉంది. కత్తెరతో కోసి, చుట్టి, భుజాన వేసుకుని వెళ్లారు. ఇచ్చిన పద్నాలుగు వేలు కూడా లెక్కపెట్టి తీసుకున్నారు. కోసేటప్పుడు నాయన గుంతలోంచి లేవలేదట. "కూచొనే ఉన్యాడు, కాళ్లు తొక్కుడు పలకల మీదే పెట్టుకొని" అంది అమ్మ. చిన్నగా మాట్లాడుతోంది, పక్కింటికి వినపడకుండా.

మార్చి 16, ఆదివారం. ఇల్లు

విచారణ ఈ వారంలోనే అన్నారు, అందుకే వచ్చాను. వీధంతా మగ్గాల చప్పుడు. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి మధ్యలో గుంటలాంటి నిశ్శబ్దం. పిన్నీ అని పిలిస్తే ఎదురింటామె లోపలికి వెళ్లింది. ఆమె మగ్గం మీదా ఆయన పడుగే. తప్పు పట్టలేను.

నాయన మిరపకాయల కల్లంలో కూలికి పోతున్నాడు. నూలు పట్టుకునే వేళ్లు అవి, మెత్తగా ఉంటాయి. కాయల మంటకు ఎర్రగా ఉబ్బాయి. అమ్మ వెన్న రాస్తోంది. "పాపకు కనపడనియ్యద్దు" అనడం విన్నాను.

మార్చి 18, మంగళవారం

కారు వచ్చింది.

పొద్దున ఎనిమిదికి సావుకారు డ్రైవరు తెచ్చి సరిగ్గా మా వాకిలికి అడ్డంగా ఆపాడు. నాయన కూలికి బయల్దేరుతున్నాడు. తాళం ఆయన చేతిలో పెట్టాడు.

"మీ కారు మీ ఇంట్లోనే పెట్టుకోండని చెప్పి రమ్మన్యాడు."

వెనక్కి చూడకుండా నడిచి వెళ్లిపోయాడు.

విచారణకు వచ్చేవాళ్లకు కనపడాలని. మా గుమ్మంలో మా నాయన పేరుతో మా కారు. మనిషి అడ్డంగా జరిగితే గానీ ఇంట్లోకి పోలేము. అమ్మ నీళ్ల బిందె రెండుసార్లు దించి ఎత్తింది. వీధి పిల్లలు అద్దాల్లో ముఖాలు చూసుకుంటున్నారు. నాయన కూలికి పోవడం మానేసి అరుగు మీద కాపలా కూర్చున్నాడు. ఎందుకంటే, "గీత పడిందంటే మన మీదికే వస్తాది" అన్నాడు.

ఇలాంటి మనిషిని నేను వారం రోజులు మనసులో తిట్టుకున్నాను.

మార్చి 19

ఎవరూ రాలేదు. ఎల్లుండే ఇరవై ఒకటి.

మార్చి 20, గురువారం

మధ్యాహ్నం రెండుకు వచ్చారు. విచారణాధికారి చిన్న వయసామె, నాకంటే ఐదారేళ్లు పెద్దేమో. వెంట సచివాలయం మేడం. కబురు ఎవరు పంపారో, సావుకారు కూడా వచ్చి నిలబడ్డాడు, చేతులు వెనక కట్టుకుని.

అధికారి కారును చూసింది, ఇంటిని చూసింది, ఖాళీ మగ్గాన్ని చూసింది. కారు ఎవరిదని అడిగింది.

నాయన "ఈయనది" అన్నాడు. వేలు చూపించలేదు, తలతో చూపించాడు.

సావుకారు నవ్వాడు. "వాళ్లదే మేడం. కాగితాలు చూడండి. మా వీధోళ్లు గదా, అప్పుడప్పుడు అడిగి తీసుకుంటాంటి. ఏదో మాటా మాటా వచ్చి ఇట్ల చెప్తాండాడు."

ఆమె ఇంటి ఫొటో తీయాలని ఫోను ఎత్తింది. కారు అడ్డంగా ఉంది, ఇల్లు పడడం లేదు.

"బండి కొంచెం పక్కకు తియ్యండి" అంది నాయనతో. ఊరికే అంది, ఏ ఎత్తూ లేకుండా. నాకట్లే అనిపించింది.

నాయన తాళం వైపు చూశాడు. ఒక బటన్ నొక్కాడు. కారు కూయడం మొదలుపెట్టింది. కూస్తూనే ఉంది. వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గుమ్మాల్లోకి వచ్చారు అందరూ. నాయన తాళాన్ని ముందుకు చాపి పట్టుకున్నాడు, మిరపకాయలు పట్టుకున్నట్టు, వేళ్ల చివర్లతో.

"నాకు రాదు మేడం."

"మీ ఇంట్లో ఎవరికొస్తుంది?"

"ఎవరికీ రాదు."

"మరి ఇక్కడికి ఎవరు తెచ్చారు?"

వీధంతా ఉంది. డ్రైవరు తేవడం అందరూ చూశారు. ఎవరూ మాట్లాడలేదు. కారు కూస్తూనే ఉంది. చివరికి సావుకారే విసుగ్గా తాళం లాక్కుని, చప్పుడు ఆపి, ఎక్కి, వెనక్కి తీశాడు. ఒక్కసారికే తీశాడు, ఆ ఇరుకు వీధిలో, గోడకు తగలకుండా. సీటు జరుపుకోలేదు. అద్దం సర్దుకోలేదు. ఆమె ఫోను దించి అది చూస్తూ నిలబడింది.

తర్వాత ఇంటి ఫొటో తీసింది. అరుగు మీద కూర్చుని చాలాసేపు రాసింది. నాయన సంతకం తీసుకుంది, సావుకారుదీ తీసుకుంది.

"ఏం రాసినారు మేడం?" అని అడిగాను.

"రిపోర్టు పైకి వెళ్తుందమ్మా. వాళ్లు చూసి చెప్తారు."

"ఎన్ని రోజులు?"

"అది నా చేతిలో లేదు."

"రేపు సాయంత్రమే నాకు ఆఖరు."

ఆమె నన్ను చూసింది. "విచారణ జరుగుతోందని యూనివర్సిటీలో ఒక దరఖాస్తు ఇచ్చి చూడు. ఒప్పుకుంటారని చెప్పలేను" అంది. జీపు ఎక్కి వెళ్లిపోయింది. సావుకారు తాళం మా అరుగు మీద పడేసి నడిచి వెళ్లాడు. చాలాసేపటికి ఎదురింట్లో మగ్గం మొదలైంది, తర్వాత పక్కింట్లో. పిన్ని మాత్రం గుమ్మంలోనే నిలబడి అమ్మను చూస్తోంది. లోపలికి పోలేదు.

రేపు మొదటి బస్సుకు నేనూ నాయనా కర్నూలు. సుబ్బరాయుడు సార్ ఏమంటారో తెలియదు. ఆయన పై వాళ్లు ఏమంటారో అసలే తెలియదు. హసీనా చెల్లెలి కాలేజీ ఫీజు కోసం దాచిన ఐదు వేలు తెస్తానంటోంది. వద్దన్నాను. ఐదు వేలకు హాల్‌టికెట్ ఇవ్వరు.

ఇంకా వెలుతురు ఉంది. దరఖాస్తు రాస్తున్నాను. పైన ఎవరికి అన్నచోట ఖాళీ వదిలాను. "నా తండ్రి పేరు మీద ఉన్న కారు మాది కాదని విచారణ జరుగుచున్నందున, నాకు హాల్‌టికెట్" దాకా వచ్చి ఆగాను. ఇప్పించ ప్రార్థన అని రాయాలా, ఇవ్వాలి అని రాయాలా. పెన్ను పట్టుకుని నాయనను అడిగాను.

ఆయన అరుగు మీది తాళాన్ని పక్కకు జరిపాడు.

"ఇయ్యాల అని రాయి" అన్నాడు.